రాయని సున్నాలు

నేను ఒక బల్ల కాటాను. ఇనుప ఒళ్ళు, ఇత్తడి పళ్ళెం, గుండ్రటి గాజు మొహం, ఆ గాజు వెనక ఒక నల్లటి ముల్లు. ఇరవై గ్రాములకొక గీత చొప్పున పది కిలోల దాకా తూస్తాను. నాతోపాటు తయారైనవాళ్ళు చాలామంది కిరాణా కొట్లలో బెల్లం, చింతపండు తూస్తూ ఈగల మధ్య హాయిగా బతికారు. నా రాత వేరు. నేను పరిశోధనలోకి వెళ్ళాను. చదువుకున్నవాళ్ళ మధ్య ఉండబోతున్నానని మొదట్లో పొంగిపోయాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే చీదర పుడుతుంది.

నా మీద ఒక నింద ఉంది. తప్పు తూకం చూపిస్తానని కాగితం మీద రాసి, కింద రబ్బరు ముద్ర కూడా వేశారు. ఆ కాగితం మీద సంతకం చేసిన చేతిని నేను ఎరుగుదును. ఆ చెయ్యి ఏ కోళ్ళను కోయించి తిన్నదో, ఏ కోళ్ళ జోలికి పోలేదో కూడా ఎరుగుదును. అందుకే ఎవరూ అడక్కపోయినా నా కథ చెబుతున్నాను.

నన్ను తయారుచేసింది సముద్రం పక్కనున్న ఒక పట్నంలో, ఒక రేకుల షెడ్డులో. అక్కడి మేస్త్రి రోజంతా కిళ్ళీ నమిలి నా పక్క గోడ మీదే ఉమ్మేవాడు. మనుషుల మీద నా మొదటి అభిప్రాయం ఆ ఎర్రటి గోడను చూస్తూ ఏర్పడింది. పనిలో మాత్రం అతనికి వంక పెట్టలేం. స్ప్రింగు బిగించి, పళ్ళెం పెట్టి, అందులో ఏమీ వేయకుండానే నన్ను అరగంట సేపు చూస్తూ కూర్చునేవాడు. ముల్లు సున్నాకు వెంట్రుకవాసి పక్కనున్నా ఊరుకునేవాడు కాదు. "ముందు సున్నా సరిగ్గా చూపించాలిరా. మిగతా అంకెలన్నీ దాని తర్వాతే," అని పనివాళ్ళతో అనేవాడు. తూనికల ఇన్‌స్పెక్టరు వచ్చి నా మెడకు సీసపు బిళ్ళ వేసి ముద్ర కొట్టిన రోజున, ఇక నేను అబద్ధం ఆడలేనని లోకమంతా ఒప్పుకున్నట్టే అనిపించింది.

అక్కడి నుంచి నన్ను రాయలసీమలో ఒక చిన్న వ్యవసాయ పరిశోధనా కేంద్రానికి పంపారు. దాని పేరెందుకు లెండి. ఎర్ర నేల, ముళ్ళతీగె కంచె, గేటు పక్కన రంగు వెలిసిన బోర్డు, వరండాలో కాళ్ళు ఊగే బల్ల. ఆ బల్ల మీద నన్ను పెట్టారు. నేను మొదట చేరింది వేరుశనగ విభాగంలో. దాన్ని చూసేది ముకుందరావు గారు. మొక్కల తెగుళ్ళు చదివిన మనిషి. ఆయన నశ్యం పీల్చి, సరిగ్గా నా గాజు మీదే తుమ్మేవారు. ఆ తుంపరలు ఎండి చారలు కట్టేవి. అయినా నేను గౌరవించిన మనిషి ఆ గేటు లోపల ఆయనొక్కరే.

వేరుశనగకు మొదలుకుళ్ళు అని ఒక తెగులుంది. మొలక నేల మీదికి తలెత్తీ ఎత్తకముందే కాడ మొదట్లో నల్లబడి, మెత్తబడి, పక్కకు ఒరిగిపోతుంది. ఏ విత్తనం దానికి తట్టుకుంటుందో తేల్చడమే మా పని. మొదటి పంట పీకిన రోజు నాకింకా గుర్తుంది. ఫీల్డ్‌మన్ దస్తగిరి కాయలు తూచి పుస్తకంలో రాస్తున్నాడు. ముకుందరావు గారు వచ్చి పుస్తకంలోకి తొంగి చూశారు.

"దస్తగిరీ, ఈ సాలులో ఎన్ని విత్తనాలు వేశాం?"

"నూరు సార్."

"నువ్వు ఎన్ని మొక్కల కాయలు తూచావు?"

"అరవై మూడు సార్. తక్కినవి సచ్చిపోయినాయి కద సార్."

"చచ్చిన మొక్క దిగుబడి ఎంత?"

పక్కన కూర్చుని కాయలు తెంపుతున్న కూలిమనిషి ఓబుళమ్మ కిసుక్కున నవ్వి, "సున్నా కదన్నా," అంది.

"విన్నావా? ఆ సున్నా రాయి. ముప్పై ఏడు సున్నాలూ వరసగా రాసి, అప్పుడు నూటితో భాగించు. తెగులు చేసిన పని ఆ సున్నాల్లోనే ఉంది. వాటిని వదిలేసి తక్కినది రాస్తే మనం తెగులు దగ్గర జీతం తీసుకుంటున్నట్టు," అన్నారాయన. అని తుమ్మారు.

అక్షరం ముక్క రాని ఓబుళమ్మ ఆ రోజు ఒక అంకె నేర్చుకుంది. మట్టిలో వేలితో సున్నా గీసి, "ఇంతేనా సార్ సదువంటే?" అని అడిగింది. చాలావరకు అంతేనమ్మా అన్నారాయన.

మూడేళ్ళకు ముకుందరావు గారు రిటైరయ్యారు. కేంద్రానికి కొత్తగా కోళ్ళ విభాగం వచ్చింది. దానితోపాటు డాక్టర్ లోకనాథం వచ్చాడు. నన్ను వరండా నుంచి ఎత్తి కోళ్ళ షెడ్డులో పెట్టారు.

ఆ షెడ్డు గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళంతా రోత. చేపల పొడి ఒక మూల కుళ్ళు కంపు కొట్టేది. నేల మీద పరిచిన ఊక తడిసి ముద్దయి ఘాటు వాసనతో పొగలు చిమ్మేది. కోడిపిల్లను పళ్ళెంలో పెట్టగానే అది చేసే మొదటి పని మీకు చెప్పనక్కర్లేదు. నా ఇత్తడి మీద ఆ రెట్ట ఎండి, దాని మీద దాణా ధూళి పడి, మళ్ళీ దాని మీద రెట్ట పడేది. రోజూ సాయంత్రం ఓబుళమ్మ బూడిదతో తోమితేనే నా మొహం నాకు దక్కేది. అయినా కోళ్ళ మీద నాకు కోపం లేదు. అవి తిన్నదే వదిలేవి. లోకనాథం అలా కాదు.

అతను దొంగ కాదు. ఒక్క పైసా ముట్టలేదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు పూసిన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మం దాకా వచ్చేవాడు. లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. ఒక్క కోడిని చేత్తో పట్టుకోగా నేను చూడలేదు. కోళ్ళ మీద మాత్రం గంటసేపు ఆగకుండా మాట్లాడగలడు. ఇలాంటి మనిషిని చూసినప్పుడల్లా ఆ కిళ్ళీ మేస్త్రి మీద నాకు గౌరవం పెరుగుతూ వచ్చింది.

ఆ ఏడు వేరుశనగ పీకి కుప్పలు వేసిన సమయంలో వారం రోజులు వదలకుండా వాన పట్టింది. కుప్పలు తడిసి, కాయల లోపల పచ్చటి బూజు పట్టింది. ఆ కాయల నుంచి నూనె తీశాక మిగిలిన చెక్క కూడా బూజు గడ్డలతో నిండిపోయింది. పశువులు దాన్ని మూతి పెట్టి చూసి వెనక్కి తిరిగేవి. ఊరూరా మూటలు పడి ఉన్నాయి. ఆ చెక్కను కోళ్ళకు మేపవచ్చా అన్నది లోకనాథం చేపట్టిన ప్రయోగం. మేపవచ్చని తేలితే అంత సరుకుకూ దారి దొరికినట్టే, అతని పేరు పైదాకా వెళ్ళినట్టే. ఇలా తేలితే బాగుంటుందని ముందే అనుకుని మొదలుపెట్టిన ప్రయోగం ఎలా తేలుతుందో మీరే ఊహించుకోండి.

మూడు గుంపులు, గుంపుకు యాభై కోడిపిల్లలు. ఒకటో గుంపుకు మంచి చెక్క కలిపిన దాణా. రెండో గుంపుకు సగం మంచిది, సగం బూజుది. మూడో గుంపుకు అంతా బూజుదే. ప్రతి పిల్ల రెక్కకూ ఒక అల్యూమినియం బిళ్ళ గుచ్చారు. అంకెలు చదవలేని ఓబుళమ్మ కోసం దస్తగిరి మూడో గుంపు బిళ్ళలకు ఎర్ర రంగు పూశాడు. వారం వారం సోమవారం నాడు తూకం.

రెండో వారం నుంచే మూడో గుంపులో చావులు మొదలయ్యాయి. పిల్లలు రెక్కలు వేలాడేసి, మూలన నక్కి, కాళ్ళు వెనక్కి చాపి పడిపోయేవి. బూజు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. గడ్డ తిన్న పిల్ల చచ్చేది, గడ్డ దొరకనిది బతికేది. దాణా మాత్రం మొదట రాసుకున్న ప్రకారం రోజూ యాభై పిల్లలకు సరిపడా పోసేవారు. బతికిన కాసిన్నీ చచ్చినవాటి వాటా కూడా తిని బలిసేవి.

ఇక్కడే ఆ కేంద్రపు పద్ధతి ఒకటి చెప్పాలి. బతికిన కోడి బరువు ప్రయోగం పుస్తకంలోకి వెళుతుంది. చచ్చిన కోడి స్టోరు గదిలోని నష్టాల రిజిస్టరులోకి వెళుతుంది, పాత కుర్చీలు, విరిగిన పారలతో పాటు. ఒక పుస్తకం లోకనాథం బల్ల మీద, రెండోది స్టోరు గుమాస్తా బీరువాలో. రెండిట్లోనూ ఒక్క అక్షరం తప్పు లేదు. ఆ రెండూ ఎన్నడూ ఒక చోట తెరుచుకోలేదు, అంతే. చచ్చిన కోడి రెక్కబిళ్ళను స్టోరులో అప్పగించాలని నియమం. ఆ గుమాస్తా ఎప్పుడు చూసినా సీటులో ఉండడు. అందుకని ఓబుళమ్మ ఆ బిళ్ళలను ఒక పాలపొడి డబ్బాలో వేసి ఉంచేది. పిల్లలను కంచె పక్కన గుంట తీసి పూడ్చేది కూడా ఆమే.

ఆరో సోమవారం ఆమె దస్తగిరిని అడిగింది. "అన్నా, ఈ పొద్దు సున్నాలెన్ని రాసినావు?"

"ఇందులో సున్నాలు రాసే పని లేదులేక్కా. సారు సెప్పినాడు."

"పెద్దసారు సెనక్కాయలకు రాయమన్యాడే. కోడికి ఒకటి, సెనక్కాయకు ఒకటినా? మా సుంకులు పేరు గూడా కోళ్ళ లిస్టులో ఉండాది. నూరు పిల్లలిచ్చి, ఈ దాణానే మేపమంటారంట. ఆ యల్లునికి రాయి తగిలి కన్ను పాయ. ఇంట్లో ఉండేది ఈ కోళ్ళ ఆశ ఒకటే. అవి గూడా ఇట్ల సస్తే అది యాడికి పోవల్ల?"

సుంకులమ్మ ఓబుళమ్మ కూతురు. గుండ్లవంక అనే ఊళ్ళో కాపురం. ప్రయోగం నెగ్గితే ఆ ఊళ్ళో కోడిపిల్లలు పంచుతామని కేంద్రంవాళ్ళు ముందే పేర్లు రాసుకున్నారు. అల్లుడు రాళ్ళు కొట్టే పనిలో కన్ను పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. ఆ సంగతి దస్తగిరికీ తెలుసు. కానీ అతని ఉద్యోగం ఖాయం చేసే ఫైలు లోకనాథం సొరుగులో ఉంది. అతను తల వంచుకుని నా ముల్లు వైపు చూశాడు. అలాంటి చూపులు నాకు కొత్త కాదు. మనిషికి చెప్పలేని జవాబు ఉన్నప్పుడు కాటా వైపు చూస్తాడు.

ఓబుళమ్మ ఊరుకోలేదు. గుమ్మం దగ్గర రుమాలుతో నిలబడ్డ లోకనాథాన్నే అడిగింది. అతను కోప్పడలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "మనం తూచేది పెరుగుదలను ఓబుళమ్మా. చచ్చిన కోడి పెరగదు. పెరగనిదాన్ని పెరుగుదల లెక్కలో ఎలా వేస్తాం? సున్నా బరువున్న కోడి ఎక్కడైనా ఉంటుందా?"

ఎంత శుభ్రమైన మాటలో చూడండి. నా పళ్ళెం మీది రెట్ట ఇంతకంటే నయం, కనీసం దాన్ని బూడిదతో తోమవచ్చు.

ఎనిమిదో వారం చివర ఒకటో గుంపులో నలభై ఎనిమిది బతికి ఉన్నాయి. సగటు బరువు ఆరు వందల గ్రాములు. మూడో గుంపులో మిగిలినవి పదిహేడు. సగటు ఆరు వందల నలభై. అవును, నేనే తూచాను. ప్రతి గ్రామూ నిజం. బూజు చెక్క తిన్న కోళ్ళే ఎక్కువ బరువు తూగాయని రాసి, కింద రెండు గీతలు గీశాడు లోకనాథం. నిజమైన తూకాలతో అంత పెద్ద అబద్ధం కట్టవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. నా ముల్లు విరిగినా బాగుండేదనిపించింది.

ప్రయోగం చూడటానికి రాజధాని నుంచి ముగ్గురు పెద్దల కమిటీ వచ్చింది. ఆ పొద్దున్నే లోకనాథం ఓబుళమ్మను పిలిచి, మధ్యాహ్నం భోజనానికి ఆరు కోళ్ళు కోయించమన్నాడు.

"ఒకటో గుంపులోవి కోయించు. మూడో గుంపు జోలికి పోవద్దు."

"ఏమిటికి సార్? అవే కదా బలంగా ఉండేవి?"

"చెప్పింది చెయ్యమ్మా," అన్నాడతను. రుమాలు ముక్కు మీది నుంచి తీయకుండానే అన్నాడు.

తెలుసన్నమాట. ఆ క్షణం దాకా అతను మూర్ఖుడని మాత్రమే అనుకున్నాను. పుస్తకానికి పనికొచ్చే కోడి తన కంచంలోకి పనికిరాదని అతని నాలుకకు తెలుసు, చేతికి తెలుసు. పెన్నుకు మాత్రం తెలియదట.

కమిటీ ముందు నన్ను వరండా బల్ల మీద పెట్టి, మూడో గుంపు పుంజునొకదాన్ని తూచి చూపించారు. నా ముల్లు ఏడువందల దగ్గర నిలబడింది. పెద్దలు "శభాష్" అన్నారు. పుంజు తన మర్యాద తాను చేసి వెళ్ళింది. ఆ తర్వాత అదే బల్ల మీద అరటాకులు వేశారు. నన్ను తుడవకుండా ఒక చివరకు నెట్టారు. పళ్ళెంలో తడి రెట్టతో నేను, నా పక్కనే అన్నం, కోడికూర. ఎవరికీ పట్టలేదు.

ఓబుళమ్మ నీళ్ళు పోస్తోంది. ముగ్గురిలో పెద్దాయన కాలు ముక్క కొరుకుతూ కూర మెచ్చుకున్నాడు. ఇవి బూజు చెక్క తిన్న కోళ్ళేనా అని సరదాగా అడిగాడు. లోకనాథం నవ్వి ఊరుకున్నాడు.

"కాదు సార్," అంది ఓబుళమ్మ. "ఇవి మంచి సెక్క తిన్నెవి. మూడో గుంపువి కోయొద్దన్యాడు మా సారు. అంత మంచివైతే ఏమిటికి సార్ తినొద్దంటాడు?"

పెద్దాయన చేతిలోని ముక్క నోటి దగ్గర ఆగిపోయింది. ఓబుళమ్మ చెంబు కింద పెట్టి, చంకలోని పాలపొడి డబ్బా తీసి, అందులో ఉన్నదంతా నా పళ్ళెంలో కుమ్మరించింది. ఎర్ర రంగు పూసిన బిళ్ళలు గలగలమన్నాయి.

"ఇవి గూడా తూయండి సార్. ముప్పై మూడు పిల్లలు ఇవి. నేనే పూడ్సినా. మీకు సూపించింది పదిహేడే. ఈటికి సున్నాలు రాసినారేమో ఆ బుక్కులో సూడండి సార్. మా పెద్దసారు ఉన్నింటే రాపిచ్చేవాడు."

నా శక్తినంతా కూడదీసుకుని ఆ బిళ్ళలను మోశాను. కానీ అల్యూమినియం రేకులు ఎంత తూగుతాయి? నా ముల్లు కదిలీ కదలకుండా, మొదటి గీతను కూడా అందుకోలేక ఆగిపోయింది. నా బతుకులో నాకు అంతటి సిగ్గు ఎన్నడూ కలగలేదు.

"ఏంటయ్యా ఇది?" అన్నాడు పెద్దాయన.

"మరణాలు వేరే రిజిస్టరులో నమోదయ్యాయండీ. ఏదో సీజను జబ్బు. మూడో గుంపు ప్రయోగానికి ముఖ్యం కనక కోయించలేదు, అంతే," అన్నాడు లోకనాథం.

పెద్దాయన ఒక్క నిమిషం ఆలోచించాడు. నాకు ఆశ పుట్టింది. మనుషుల మీద నాకు పుట్టిన చివరి ఆశ అదే.

"అయితే మనం తినేవి మంచివే కదా?" అన్నాడు.

"మంచివేనండీ, మంచివే."

ఆయన ముఖం విప్పారింది. ఆగిన ముక్క నోట్లోకి వెళ్ళింది. ఇంకాస్త కూర వడ్డించమన్నాడు. నాకు కడుపంటూ ఉంటే అక్కడే కక్కేవాణ్ణి.

మర్నాటి నుంచి ఓబుళమ్మను పనిలోకి రావద్దన్నారు. నెల తిరక్కుండా ప్రయోగం ఫలితాలు నున్నటి కాగితం మీద బులెటిన్‌గా అచ్చయ్యాయి. అట్ట మీద పుంజు బొమ్మ, లోపల సగటు బరువుల పట్టిక. గుండ్లవంకలో పదహారు ఇళ్ళకు ఇంటికి నూరు పిల్లలు, బులెటిన్‌లో చెప్పిన దాణా మూటలు పంచారు. అయిదు వారాల తర్వాత తూకం వేస్తారు. సగటు బాగున్న ఇంటికే రెండో విడత పిల్లలు. ఆ తూకానికి దస్తగిరి నన్ను జీపులో వేసుకుని బయల్దేరాడు.

మొదటి ఇంట్లో నూటికి ముప్పై ఒకటి మిగిలాయి. సగటు మూడు వందల గ్రాములు. "బాగుండాదన్నా?" అని ఆ ఇంటామె బెరుగ్గా అడిగింది. ఆమె వెనక ఖాళీ గంపలు బోర్లించి ఉన్నాయి. తక్కిన ఇళ్ళలోనూ అదే తంతు. కాసిని బలిసిన పిల్లలు, పెరట్లో కొత్తగా తవ్విన మట్టి.

చివరగా సుంకులమ్మ ఇల్లు. వాకిలి నిండా కోడిపిల్లలే. తొంభై నాలుగు. ఒంటికి బక్కగా ఉన్నాయి గాని, ఒకచోట కాలు నిలవకుండా పరుగులు పెడుతున్నాయి. ఓబుళమ్మ అరుగు మీద కూర్చుని, మేతకని చెదలు పట్టించిన కుండను వాటి ముందు విదిలిస్తోంది.

"మూట యాడ పెట్టినావు సుంకులూ?" అని అడిగాడు దస్తగిరి.

"గుంతలో పాయన్నా. అచ్చేసిన పుస్తకముండాది, నీ మాటేమిటికి వినల్ల అని నేను బో కొట్లాడినా. మా యమ్మ పోయి ఆ మూట మింద కూసుండ్య. రెండు దినాలు లేయల్యా. రాగులు, సెదలు మేపి సాకినాము." అని ఆగి, "మావి బక్కగా ఉండాయి కదన్నా. రెండో తూరి పిల్లలియ్యరా?" అంది. ఆమె చేతిలో పిల్ల కిచకిచమంటోంది.

తూచాడు. సగటు రెండు వందల నలభై. పదహారు ఇళ్ళలోకీ అదే తక్కువ. తొంభై నాలుగు పిల్లలను బతికించుకున్న ఇల్లు ఆ పుస్తకం ప్రకారం ఊరందరికంటే చేతకాని ఇల్లు.

ఓబుళమ్మ అరుగు దిగి వచ్చింది. ఏమీ తిట్టలేదు. నా ముందున్న మట్టిలో వేలితో ఒక సున్నా గీసింది. "అన్నా, ఆ పెద్దసారు నీకు గూడా సెప్పినాడు కదా," అంది.

దస్తగిరి పుస్తకం మొదటి పేజీకి తిప్పి, మొదటి ఇంటి పేరు కింద సున్నాలు రాయడం మొదలుపెట్టాడు. అరవై తొమ్మిది సున్నాలు. మొత్తాన్ని నూటితో భాగించాడు. మూడు వందలు కాస్తా తొంభై మూడయింది. పొద్దు వాలేదాకా పదిహేను ఇళ్ళకూ అలాగే రాశాడు. సుంకులమ్మ ఇంటికి ఆరు సున్నాలే. ఆమె సగటు రెండు వందల ఇరవై అయిదు. పదహారు ఇళ్ళలోకీ అదే ఎక్కువ. నేను ఇంతవరకు తూచినవాటికి అర్థం దొరికింది ఆ ఒక్క సాయంత్రమే.

మర్నాడు ఆ పుస్తకం చూసి లోకనాథం మొహం పాలిపోయింది. బులెటిన్ అప్పటికే పైవాళ్ళ బల్లల మీద ఉంది. అతనికి ప్రమోషన్ ఉత్తర్వు టైపవుతోంది. దస్తగిరిని కూర్చోబెట్టి మెల్లగా అడిగాడు. "ఈ సగటులు ఇలా ఉండటానికి వీల్లేదు. నీ లెక్కయినా తప్పయి ఉండాలి, కాటా అయినా చెడిపోయి ఉండాలి. రెంటిలో ఏది దస్తగిరీ?" అంటూ సొరుగు తెరిచి, దస్తగిరి ఫైలు తీసి బల్ల మీద పెట్టాడు.

దస్తగిరి నా వైపు చూశాడు.

"కాటానే అయ్యుంటాది సార్," అన్నాడు.

అతన్ని నేను క్షమించలేదు. పిల్లలున్నవాడు, భయస్థుడు, ఒక్క సాయంత్రమైనా ధైర్యం చేశాడు అని మీరంటారు. అనండి. నేను ఇనుముతో చేసినవాణ్ణి, నాకు అంత పెద్ద మనసు లేదు. 'తప్పు తూకం చూపుతున్నందున తొలగించడమైనది' అని కాగితం రాసి, ముద్ర వేసి, నా మెడలోని సీసపు బిళ్ళను తెంపేశారు. సున్నాలు లేని పాత పద్ధతిలో జాబితా మళ్ళీ రాశారు. సుంకులమ్మ పేరు కొట్టేశారు. తక్కిన పదిహేను ఇళ్ళకూ రెండో విడత పిల్లలతోపాటు అదే దాణా ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆ ఊళ్ళో కోళ్ళు మిగిలింది ఒక్క ఇంట్లోనే అని తర్వాత విన్నాను. లోకనాథం మాత్రం బదిలీ మీద పెద్ద ఊరికి, పెద్ద కుర్చీలోకి వెళ్ళాడు.

నన్ను స్టోరు గదిలో పడేశారు. నష్టాల రిజిస్టరు ఉన్న బీరువా పక్కనే. ఎలుకలు నా పళ్ళెంలో కాపురం పెట్టాయి, బల్లులు గాజు మీద గుడ్లు పెట్టాయి. కమిటీ భోజనం చూసినవాణ్ణి కనక నాకు అదేమంత రోతగా అనిపించలేదు. ఎన్నో ఏళ్ళకు ఆ గది ఖాళీ చేసి, పాత సామాన్లు కొనే బాషాకు అమ్మేశారు. బాషా నన్ను దుకాణం ముందు దిమ్మె మీద పెట్టి, దుమ్ము దులిపి, కిలో రాయి వేశాడు. ముల్లు కిలో దగ్గర నిలబడింది. రెండు కిలోల రాయి వేశాడు, రెండు దగ్గర నిలబడింది. "దీన్ని పారేసినోళ్ళెవురో గాని, వాళ్ళకు మతి ల్యాదు," అనుకుని, ఆ రోజు నుంచే నా మీద చిత్తు కాగితాలు తూచడం మొదలుపెట్టాడు.

కిందటి వారం ఆ కేంద్రం నుంచి రెండు కట్టలు వచ్చాయి. కొబ్బరి తాడు కట్టిన నున్నటి కాగితాలు. అట్ట మీద పుంజు బొమ్మ. ఎవరూ తెరవని బులెటిన్లు. బాషా వాటిని నా పక్కనే పడేశాడు. వాటిని చూస్తూ వారం రోజులు గడపడం కంటే నన్ను కరిగించినా బాగుండేది.

నిన్న మధ్యాహ్నం ఒక ఆటో ఆగింది. నడివయసు ఆడమనిషి దిగింది. ఆమె చేయి పట్టుకుని ఒక ముసలామె. ఆటోలో గంపల నిండా ఒక రోజు వయసు కోడిపిల్లలు.

"బాషన్నా, పిల్లల కింద పరిసేదానికి కాయితాలు కావల్ల. నున్నగా, గట్టిగా ఉండేవి సూడు," అంది సుంకులమ్మ. ఆమే. కొట్టేసిన పేరే. తొంభై నాలుగు బక్క పిల్లల నుంచి ఆమె కోళ్ళు ఎంతదాకా పెరిగాయో ఆ గంపలే చెబుతున్నాయి.

బాషా ఒక కట్టను నా పళ్ళెంలో వేశాడు. నాలుగు కిలోల ఇరవై గ్రాములు. ఆ బులెటిన్‌కు ఇంత బరువుందని అది రాసినవాడికి కూడా తెలిసి ఉండదు. సుంకులమ్మ తాడు తెంపి, పై ప్రతిని విప్పి, సగటు బరువుల పట్టిక పైకి వచ్చేలా మొదటి గంపలో పరిచి, నాలుగు పిల్లలను వదిలింది. వాటిలో ఒకటి పట్టిక మధ్యలోకి నడిచి, కాస్త ఆగి, తన పని తాను చేసుకుంది. ఇన్నేళ్ళలో ఆ కాగితం మీద పడ్డ మొదటి నిజాయితీ గల గుర్తు అది. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది.

కట్ట తీసేశాక నా ముల్లు మెల్లగా వెనక్కి వచ్చి నిలబడింది. ముసలామె దగ్గరికి వచ్చింది. తెగిన సీసపు బిళ్ళ మిగిల్చిన తీగముక్కను వేలితో తడిమి చూసింది. చీర చెంగుతో నా గాజు తుడిచి, కళ్ళు చికిలించి, తనకు తెలిసిన ఆ ఒక్క అంకెను చదివింది.

"సున్నా సరిగ్గానే సూపిస్తాండాది కదా ఇది," అంది ఓబుళమ్మ. "సెడిపోయిందని ఎవురన్యారు?"